మరియా సబీనా పాట, సాండోజ్ మాత్ర

పుట్టగొడుగుల మందుతో మానసిక వైద్యం అన్న వార్త ఎప్పుడు చదివినా నాకు మరియా సబీనా గుర్తొస్తుంది. మెక్సికోలో ఓహాకా కొండల మీది వౌత్లా ఆమె ఊరు. మాతృభాష మసతెక్. నిరుపేద. చదవడం, రాయడం రాదు. అక్కడివాళ్ళు ఆ పుట్టగొడుగులను సరదాకి తినేవారు కాదు. జబ్బుమనిషి కోసం, రాత్రివేళ, నలుగురి మధ్య తినేవారు. ఆమె తెల్లవార్లూ పాడేది. చరణం చివర "అంటుంది" అనే అర్థమిచ్చే మాట పదేపదే వచ్చేది. ఎందుకంటే ఆ మాటలు తనవి కావు, పుట్టగొడుగులు పలికిస్తున్నవని ఆమె నమ్మకం. రోగాన్ని నయం చేసేది భాషేనని కూడా నమ్మింది. మౌఖిక సాహిత్యం చదివేవాళ్ళు ఈ విషయం దగ్గర కాస్త ఆగాలి.

1955 జూన్ 29 రాత్రి ఆమె ఎదుట కూర్చుని పుట్టగొడుగులు తిన్న గార్డన్ వాసన్, జె.పి.మోర్గాన్ బ్యాంకు ఉపాధ్యక్షుడు. అతనికి ఏ జబ్బూ లేదు. ఊరి అధికారి అడిగాడు కనుక కాదనలేకపోయానని ఆమె తర్వాత చెప్పుకుంది. 1957లో అతను 'లైఫ్' పత్రికలో ఆ అనుభవం రాశాడు. ఆమె పేరు మార్చాడు, ఊరి పేరు దాచాడు. దాగలేదు. 1956లో అతని వెంట వెళ్ళిన రసాయన శాస్త్రవేత్త జేమ్స్ మూర్ రహస్యంగా సి.ఐ.ఎ. కోసం పనిచేస్తున్నవాడు. మనుషుల మనసులను లొంగదీసే మందు ఆ సంస్థకు కావాలి. 1958లో స్విట్జర్లాండ్ సాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అందులోని సారాన్ని వేరుచేసి సిలోసైబిన్ అని పేరు పెట్టాడు. 1962లో మాత్రలుగా తెచ్చి ఆమెకే ఇచ్చాడు. శక్తి అదేనని ఆమె ఒప్పుకుంది.

ఈ వాసనే 1968లో ఋగ్వేద సోమం కూడా పుట్టగొడుగేనని పుస్తకం రాశాడు. ఆ వాదన సంగతి ఎం.ఏ. చదివే రోజుల్లోనే విన్నాను. మరియా సబీనా పేరు వినడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

తర్వాత హిప్పీలు గుంపులుగా వచ్చారు. వెనకే పోలీసులు వచ్చారు. ఆమె ఇల్లు తగలబడింది. 1977లో మసతెక్ రచయిత అల్వారో ఎస్త్రాదా ఆమె జీవితకథను పుస్తకం చేశాడు. పరాయివాళ్ళు వచ్చాక పుట్టగొడుగుల బలం పోయిందని అందులో ఆమె వాపోయింది. 1985లో పేదరాలిగానే చనిపోయింది.

ఇదంతా పెట్టుబడిదారీ మోసమని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. 2016లో ప్రచురించిన జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధనలో 51 మంది కాన్సర్ రోగులకు ఈ మందు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత కూడా నూటికి దాదాపు 80 మందిలో దిగులు, ఆందోళన తగ్గే ఉన్నాయి. చావు ముందున్న మనిషికి అది చిన్న ఊరట కాదు. అయితే 2022లో ప్రచురించిన పరిశోధన మరో కోణం చూపింది. మామూలు మందులకు లొంగని కుంగుబాటుతో ఉన్న 233 మందిలో పెద్ద మోతాదు తీసుకున్నవాళ్ళను చూస్తే, మూడు వారాలకు నూటికి 37 మంది తేరుకున్నారు. పన్నెండు వారాల దాకా నిలబడింది 20 మందే. కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు కనిపించాయి. ఆ పరీక్ష నడిపిన కంపెనీయే సిలోసైబిన్ స్ఫటిక రూపం ఒకదానికి పేటెంటు తీసుకుంది.

ఫలితంలో మందు పాలెంత, పక్కనున్న మనిషి పాలెంత అన్నది పరిశోధకులకు ఇంకా తేలలేదు. ఆ పరీక్షల్లో రోగి కళ్ళకు గంతలు కట్టుకుని, ముందే ఎంచిపెట్టిన సంగీతం వింటూ పడుకుంటాడు. పక్కన కూర్చున్నవాళ్ళు చాలాసేపు మౌనంగానే ఉంటారు.