అట్టముక్కలో హృదయం



మొన్న మా పెళ్ళిరోజున మా అమ్మాయి ఒక పాత శుభలేఖ అట్టని మడిచి, హృదయం ఆకారంలో కత్తిరించి, లోపల నాలుగు మాటలు రాసి మాకిచ్చింది. "పొద్దున్నించీ కూచున్నది దీనికేనా?" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. నేనూ నొచ్చుకున్నాను. ఎందుకంటే, ఇలాంటి కాగితప్పనితోనే పెద్ద వ్యాపారం నడిపిన ఒక స్త్రీ కథ నాకు తెలుసు.

ఆమె పేరు ఎస్తర్ హౌలాండ్. 1828లో అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్‌లో పుట్టింది. తండ్రికి పుస్తకాలు, కాగితాల దుకాణం ఉండేది. 1840లో ఇంగ్లండులో ఒక్క పెన్నీకే దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే సదుపాయం రావడంతో, ఫిబ్రవరి 14న పంపుకునే వాలంటైన్ కార్డులు అక్కడ జోరందుకున్నాయి. అమెరికాలో మాత్రం మంచి కార్డు కావాలంటే ఇంగ్లండునించి రావలసిందే. ఖరీదూ ఎక్కువే.

1847లో చదువు ముగించి ఇంటికొచ్చిన ఎస్తర్, తండ్రికి తెలిసిన వ్యాపారి పంపిన ఇంగ్లీషు కార్డు చూసి, ఇంతకంటే బాగా తనే చెయ్యగలననుకుంది. డజను నమూనాలు చేసి, సరుకు అమ్మడానికి ఊళ్ళు తిరిగే సోదరుడి చేతికిచ్చింది. 200 డాలర్ల బేరం వస్తే చాలనుకుంటే 5,000 డాలర్లకు పైగా వచ్చిందని చెబుతారు!

ఒక్క మనిషి చేతులమీద అయ్యే పనా అది? స్నేహితురాళ్ళని పిలిచి తన ఇంట్లోనే పని మొదలుపెట్టింది. ఒకరు బొమ్మలు కత్తిరిస్తే, ఒకరు అట్ట సిద్ధం చేస్తే, ఇంకొకరు లేసుకాగితం అంటించేవారు. ఇల్లు వదిలి రాలేని ఆడవాళ్ళకు సామానంతా పెట్టెలో సర్ది పంపి, వారం తరవాత తయారైన కార్డులు తెప్పించుకునేది. లేసుకాగితం కింద రంగుకాగితం మెరిసేలా పెట్టడం, మడతల మీద పైపొర లేచి నిలిచేలా చెయ్యడం ఆమె పనితనం.

అలా ముప్ఫై ఏళ్ళకు పైగా నడిచిన వ్యాపారాన్ని, జబ్బుపడ్డ తండ్రిని చూసుకోవడానికి 1881లో జార్జ్ విట్నీకి అమ్మేసింది. ఇది మన ఇళ్ళలో మాత్రం కొత్త సంగతా, చెప్పండి? ఆడదాని పని ఎంత పెద్దదైనా, ఇంట్లో అవసరం వస్తే ముందు ఆగేది అదే.

మా వీధిలో ఎన్ని పెళ్ళిళ్ళకో కొబ్బరిబొండాలకు రంగులు వేశాను, అడ్డుతెరల మీద పేర్లు కుట్టాను. "నీ చేతిలో కళ ఉందమ్మా" అన్నవాళ్ళే గాని, రంగులకెంతయిందని అడిగినవాళ్ళు లేరు. నేనూ చెప్పలేదు. అందరం వ్యాపారాలు పెట్టాలని కాదు నేననేది. మన పనిని మనమే కాలక్షేపం అనుకోకూడదని.

ఇంతకీ ఆ కార్డు ఎలాగంటారా? దళసరి కాగితాన్ని మధ్యకి మడవండి. దానిమీద హృదయం బొమ్మ గియ్యండి. బొమ్మ ఎడమపక్క ఒక రెండంగుళాల మేర మడత అంచుని ఆనుకుని ఉండాలి. రెండు పొరలూ కలిపి కత్తిరించండి గాని, ఆ అంచు జోలికి మాత్రం పోకండి. అప్పుడే పుస్తకంలా తెరుచుకుంటుంది. నేను మొదటిసారి అక్కడే కత్తెర వేసి, రెండు ముక్కలు చేసి కూచున్నాను. మా అమ్మాయి నవ్వి, ఇంకో శుభలేఖ తెచ్చిచ్చింది.

సెలవు.