మా ఇంటి పొగ చరిత్ర

ఉబ్బసం మాట ఎత్తితే చాలు, అందరూ మందుల గురించే చెబుతారు. ఏ డాక్టరు మంచివాడు, ఏ పసరు పని చేసింది, హైదరాబాదులో చేప మింగితే తగ్గుతుందా లేదా. మా ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు మా అత్తగారు, ఇంకొకడు మా చిన్నాడు. వీళ్ళిద్దరితో పన్నెండేళ్ళు గడిపాక నాకు మందుల కంటే ఇంటి మీద ధ్యాస ఎక్కువైంది. ఈ ఇల్లు ఎప్పుడెప్పుడు ఎలా మారింది, మారినప్పుడల్లా ఊపిరికి ఏమైంది అని అత్తగార్ని అడిగి తెలుసుకున్నవి, చదివి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది గరివిడి. ఇక్కడ ఎవరు దగ్గినా ముందు మాంగనీసు దుమ్ము అంటారు. అనడానికి కారణం ఉంది. మన దేశంలో మాంగనీసు తవ్వడం మొదలైందే మా పక్కన కోడూరులో, 1890ల మొదట్లో. అక్కడ దొరికే ఒక రకం రాయికి భూగర్భ శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరుమీదే కోడూరైట్ అని పేరు పెట్టారు. నూట ముప్పై ఏళ్ళుగా రాయి తవ్వి, లారీలకెత్తి, రైలెక్కిస్తున్న ఊళ్ళో దుమ్ము లేదని నేననను. కానీ మా అత్తగారి ఆయాసం లారీల వేళకి వచ్చేది కాదు. పొద్దున్న పొయ్యి రాజేసిన అరగంటకి, మళ్ళీ సాయంత్రం దీపాల వేళ అన్నం వార్చేటప్పటికి వచ్చేది.

ఆవిడ కాపురానికి వచ్చేటప్పటికి మా చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడి మేం ఇటు వచ్చాం. "కాపరం శ్రీకాకుళంలో పెట్టినాను, ఆయాసం విజయనగరంలో అంటుకున్నాది, ఇల్లు మాత్రం కదల్నేదు" అని ఆవిడ నవ్వుతారు.

అప్పట్లో ఈ ఇల్లు పెంకుటిల్లు. వంటిల్లు వెనక వసారాలో. కిటికీ అంటే గోడలో జానెడు కన్నం. పొయ్యిలోకి సరుగుడు కట్టెలు, జీడి కొమ్మలు, వానాకాలంలో పిడకలు. తడి కట్టె అయితే ఊదుగొట్టం పట్టుకుని కళ్ళు ఎర్రబడేదాకా ఊదాలి. ఆరుగురు పిల్లలు, ఇద్దరు మరుదులు, అత్తమామలు ఉన్న ఇంట్లో రోజుకి ఆరు గంటలు పొయ్యి దగ్గరే. అంత పొగలోనూ ఆవిడకి దగ్గు ఉండేది గానీ, రాత్రిళ్ళు లేచి కూర్చోవలసిన ఆయాసం ఉండేది కాదట. 1998లో పెంకులు తీసేసి స్లాబు వేశారు. ఊళ్ళో అందరూ వేస్తున్నారు, మనమూ వెయ్యాలి కదా. ఆ చలికాలమే ఆవిడ మొదటిసారి విజయనగరం ఆస్పత్రిలో చేరారు.

ఇందులో వింతేమీ లేదు. పెంకుల సందుల్లోంచి పొగ పైకి పోయేది. వాన పడితే కారుతుందని మనం తిట్టుకునే ఆ సందులే ఇంటికి ముక్కులు. స్లాబు వాటిని మూసేసింది. కిటికీ మాత్రం అదే జానెడు కన్నం, పొయ్యి అదే కట్టెల పొయ్యి. మేస్త్రీ హాలుకి పెద్ద కిటికీలు పెట్టాడు, వీధి గదికి పెట్టాడు. వంటింటి సంగతి ఎవరూ అడగలేదు, అక్కడ కూర్చునేది ఆవిడొక్కర్తే కాబట్టి. ఇల్లు బాగు చేసిన ప్రతిసారీ వంటిల్లు ఆఖరున ఎందుకుంటుందో మీ ఇంట్లో కూడా ఒకసారి చూసుకోండి.

వంటింటి పొగ గురించి మనవాళ్ళలో ఎవరూ ఆలోచించలేదని కాదు. ఇంజనీరు అంటే ఆనకట్టలూ వంతెనలూ అనుకునే రోజుల్లో, హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు గారు పొయ్యి మీద పరిశోధన చేశారు. మట్టితో పొడుగ్గా ఒక పొయ్యి, ఒకటే మంట, దాని వేడి లోపలి సొరంగంలోంచి పోతూ రెండు మూడు కుండలకి తగులుతుంది, మిగిలిన పొగ గొట్టంలోంచి ఇంటి బయటికి పోతుంది. కోట్లాది వంటిళ్ళకి పొగ లేకుండా చెయ్యడం ఎలా అని 1953లో ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా వేశారు. ఇప్పటికీ పొయ్యిల చరిత్ర రాసేవాళ్ళు హైదరాబాదు పొయ్యి అని దాన్ని తలుచుకుంటారు. మరి మన నాయనమ్మలకి అది ఎందుకు అందలేదు? 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం పెట్టి ఇంచుమించు ఇరవై ఏళ్ళు నడిపింది. మా వీధిలోనూ రెండు మూడు ఇళ్ళకి వేసి వెళ్ళారట. గొట్టంలో మసి పేరుకుంటే దులిపేవాళ్ళు లేరు, మన కుండలకి ఆ కన్నాలు సరిపోవు, పూరిల్లయితే కప్పులోంచి గొట్టం తీస్తే నిప్పు భయం, వానొస్తే కారడం. అత్తగారు అప్పట్లో వద్దన్నారట. "పొగ నేకపోతే నిప్పు రాజుకుంటాదేటమ్మా" అనేది ఆవిడ వాదన. ఇప్పుడు అడిగితే, అది వేసినవాడు వంట ఎప్పుడు చేస్తామని గానీ, ఎంతమందికి చేస్తామని గానీ అడగనే లేదంటారు. నాకు ఈ రెండో మాటే అసలు కారణంలా తోస్తుంది.

1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకి సిలిండరు డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. అత్తగారి పేరు మీద ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి ఆస్తి ఆ గ్యాసు కనెక్షనే. కానీ చాలా ఇళ్ళల్లో జరిగినట్టే ఇక్కడా గ్యాసు మీద టీ, చుట్టాలొస్తే కాఫీ, పిల్లాడికి పాలు. అన్నం, పప్పు, నీళ్ళు కాచుకోవడం మళ్ళీ కట్టెల మీదే. సిలిండరు అయిపోతే మళ్ళీ డబ్బు కట్టాలి, కట్టెలు పెరట్లోవే. పొగకి లెక్క కట్టేవాళ్ళు లేరుగా.

ఆ లెక్క కట్టినవాళ్ళు తర్వాత వచ్చారు. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల పరిశోధకులు కల్పనా బాలకృష్ణన్ బృందం అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే నిజామాబాదు, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో నాలుగు వందలకి పైగా ఇళ్ళల్లో గాలి కొలిచి 2004లో ప్రచురించింది. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళి రోజు మొత్తం సగటున గ్యాసు ఇళ్ళల్లో ఘనపు మీటరుకి 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్ళల్లో 732 దాకా ఉంది. పదింతలు! అందులోనూ వంట చేసే ఆడవాళ్ళకే అందరికంటే ఎక్కువ. ఈ అంకెలు మావారికి చదివి వినిపించిన వారంలోనే వంటింట్లో గోడ పగలగొట్టి మూడడుగుల కిటికీ పెట్టించుకున్నాను. స్టవ్ దాని పక్కకి జరిగింది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాను. గ్యాసు వచ్చినంత మాత్రాన పొగ పోదండీ, ఎండుమిర్చి తాలింపు చాలు మా వాడికి పిల్లికూతలు మొదలవ్వడానికి. గ్యాసు మంటలోంచి కంటికి కనబడని నైట్రోజన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. అందుకే తాలింపు వేసే ముందే ఫ్యాను వేసి, వంటింటి తలుపు మూసి, పిల్లాణ్ణి వీధరుగు మీదకి పంపడం మా ఇంట్లో నియమం.

పొగ అంటే శత్రువు అని ఇప్పుడంటున్నాం గానీ, ఒకప్పుడు ఉబ్బసానికి పొగే మందు. ఎండబెట్టిన ఉమ్మెత్త ఆకు కాల్చి పీల్చడం మన దేశంలో పాత వాడుక. మద్రాసులో అది చూసిన ఇంగ్లీషు వాళ్ళు 1802 ప్రాంతంలో తమ దేశానికి పట్టుకెళ్ళారు. తర్వాత అక్కడ ఉబ్బసం సిగరెట్లని అమ్మారు కూడా. ఉమ్మెత్త విషం, ఎవరూ ప్రయత్నించకండి. 1955లో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతి కూతురు, పదమూడేళ్ళ ఉబ్బసం పిల్ల, జుట్టుకి కొట్టుకునే స్ప్రేలా నా మందు ఎందుకు ఉండదని తండ్రిని అడిగిందట. మరుసటి ఏడాదే మనం పంపు అని పిలిచే ఇన్‌హేలర్ బజారులోకి వచ్చింది. పంపు అలవాటైపోతుందని మా చుట్టాలు ఇప్పటికీ బెదిరిస్తారు. ఇల్లు ఎంత బాగు చేసినా, డాక్టరు చెప్పేదాకా నేను పంపు ఆపలేదు, ఆపను.

మా వైపు ఆడవాళ్ళు ఇంకో మాట తెలుసుకోవాలి. రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు ఉన్నంత మాత్రాన అది ఉబ్బసమే అని కాదు. 1940లో మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియంలో ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే డాక్టర్లు క్షయలా కనబడుతూ క్షయ కాని ఒక జబ్బుని గుర్తించారు. రోగుల రక్తంలో ఇసినోఫిల్స్ అనే కణాలు విపరీతంగా ఉండేవి. తర్వాత తేలిందేమంటే, ఒంట్లో చేరిన బోదకాలు పురుగుల మీద శరీరం చేసే తిరుగుబాటు అది. దానికి వాడే డీఈసీ మందు 1947లో అమెరికాలో లెడర్లీ సంస్థలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో వచ్చిందే. బోదకాలు బాగా ఎరిగిన ప్రాంతం మనది. అత్తగారికి ఆ రక్తపరీక్ష చేయించాకే ఉబ్బసమని నిర్ధారించారు. ఇల్లు కడిగేసే ముందు ఈ పరీక్ష సంగతి డాక్టర్ని అడగండి.

ఇక చుట్ట. మా వైపు కాకుండా బయటి ఊళ్ళ నుంచి చదివేవాళ్ళకి ఇది నమ్మబుద్ధి కాదు. మా ప్రాంతంలో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. 1971లో వచ్చిన ఒక పరిశోధన కోసం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. అంగిలి మీద వచ్చే మచ్చలకీ, కేన్సర్‌కీ ఈ అలవాటుకీ ఉన్న సంబంధాన్ని ఆ పరిశోధన ప్రపంచం ముందు పెట్టింది. మావారి మామ్మ కూడా అడ్డపొగ మనిషే. నాట్లు వేస్తూ, బట్టలుతుకుతూ రెండు చేతులా పని చేసుకునేవాళ్ళకి నిప్పు నోట్లో ఉంటే గాలికీ తడికీ ఆరదు, అది ఆవిడ కారణం. పంటినొప్పికి మందని ఇంకో కారణం. ఆవిడకి ఎనభై దాటాయి. నోట్లో నిప్పు ఉన్నా పొగ గదిలోనే కదా తిరిగేది. పక్క మంచం మీద మనవడు ఎగపోస్తుంటే ఇంట్లో ఎవరికీ ఆవిడతో చెప్పే ధైర్యం లేదు. మా అత్తగారు, నలభై ఏళ్ళు ఆవిడ ముందు గొంతెత్తని మనిషి, ఒక రాత్రి పిల్లాడికి పంపు కొట్టి వచ్చి, మంచం పక్కన కూర్చుని మెల్లిగా అన్నారు: "అత్తా, నీ చుట్టని నానేటీ అన్ను. ఈడి ఊపిరి కాసి వీధిలోకెళ్ళి కాల్చుకో." మామ్మ ఆ రాత్రి మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న తన పీట తీసుకెళ్ళి వేపచెట్టు కింద వేసుకున్నారు. పోయేదాకా అక్కడే కాల్చారు.

దోమల కాయిల్‌తో నాకు ఇంత గొడవ పడలేదు. ఒక్క కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లో ఒక పరిశోధన చెప్పింది. ఆ అంకె కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను, దోమతెరలు కొన్నాను. సాంబ్రాణి ఇప్పుడు తులసికోట దగ్గరే.

పొగ తర్వాత పక్కబట్టలు. 1964లో నెదర్లాండ్స్‌లో లైడెన్ శాస్త్రవేత్తలు ఇంటిదుమ్ములో కంటికి ఆనని పురుగుల వల్ల ఉబ్బసం రేగుతుందని కనిపెట్టారు. అవి మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని, చెమ్మలో పెరుగుతాయి. మా సముద్రం గాలికి చెమ్మకేం తక్కువ? 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పటి నుంచి మా పడకగది గోడ ఒకవైపు బూజు పట్టేది, పైన పిట్టగోడ పగులు పూడ్చాకే ఆగింది. మామ్మ నాటి బూరుగుదూది పరుపు, పాతచీరల బొంతలు తీసేశాం. దుప్పట్లు, గలీబులు వారానికోసారి మరిగే నీళ్ళు కలిపి ఉతుకుతాను. చీపురు వాడే వేళ పిల్లాడు ఇంట్లో ఉండకూడదు, ఉంటే తడిగుడ్డే.

ఇంత చేసినా వాడికి ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంది. అంతకుముందు నెలకి రెండు రాత్రులు మేలుకునేవాళ్ళం. అత్తగారు ఆస్పత్రిలో పడుకుని ఈ సంక్రాంతికి నాలుగేళ్ళు.

2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం పథకం రెండో విడత మొదలుపెట్టారు. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకొకటి. టీవీలో చూసి అత్తగారు వేళ్ళ మీద లెక్కేశారు. మా ఇంటికి సిలిండరు నలభై అయిదు రోజులొస్తుంది. మూడంటే నాలుగున్నర నెలలు. మిగతా ఏడున్నర నెలలకి డబ్బు ఎవరిస్తారని మావారి వైపు చూశారు. ఆయన ఇస్తానన్నారు. అయినా పెరట్లో సరుగుడు కట్టెల మోపు ఇంకా అలాగే ఉంది. స్నానాల నీళ్ళకని ఆవిడ అంటారు. గాలి వంటింటి వైపు వీచని రోజున మాత్రమే ఆ పొయ్యి రాజెయ్యాలని మేమిద్దరం ఒప్పందానికొచ్చాం.