శిశువు ఆరోగ్యహక్కు: మదీనా నుండి దిండి రేవు దాకా

జబ్బుపడిన బిడ్డకు వైద్యం అందడం తల్లిదండ్రుల స్తోమతకు, ధనవంతుల దయకు సంబంధించిన విషయమా? లేక పాలకులపై ఆ బిడ్డకు గల హక్కా? ఈ ప్రశ్న ఐక్యరాజ్యసమితితో పుట్టినది కాదు.

ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో బైతుల్‌మాల్ నుండి పిల్లలకు భృతి ముట్టేది. అయితే పాలు మానిన బిడ్డలకే ఇవ్వాలన్నది నియమం. మదీనా వెలుపల విడిసిన వర్తకుల బృందంలో ఒక తల్లి, భృతి కోసం తన శిశువుకు ముందుగానే పాలు మాన్పిస్తున్నదనీ, ఆ బిడ్డ రాత్రంతా ఏడుస్తున్నదనీ ఖలీఫాకు తెలిసింది. పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి ఇవ్వవలసిందని ఆయన ఉత్తరువు చేశారు. ఇబ్న్ సఅద్ నమోదు చేసిన ఈ ఉదంతంలో గమనించవలసింది ఖలీఫా కరుణ ఒక్కటే కాదు. మేలు కోసం పెట్టిన నియమం కీడు చేసినప్పుడు ఆయన తల్లిని దండించలేదు, నియమాన్ని మార్చారు.

తరువాతి శతాబ్దాలలో ఈ బాధ్యతను వక్ఫులు పంచుకొన్నాయి. 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో నెలకొల్పిన మన్సూరీ ఆసుపత్రి ధనిక, పేద, స్త్రీ, పురుష, స్థానిక, పరదేశి భేదం లేకుండా రోగులను చేర్చుకొన్నది. మన తెలుగునేలపై ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా 1595లో హైదరాబాదున దారుష్షిఫా కట్టించాడు. ఇవి మహత్తర సంస్థలే. కాని రాజధానిలోని ఆసుపత్రి దూరపు పల్లెలోని బిడ్డకు అందేది కాదు.

ఆధునిక కాలంలో ఈ బాధ్యత శాసనభాషను సంతరించుకొన్నది. 1924 నాటి జెనీవా ప్రకటన జబ్బుపడిన బిడ్డకు శుశ్రూష జరగాలన్నది. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన మాతృత్వానికీ, శైశవానికీ ప్రత్యేక సంరక్షణ ఉండాలన్నది. 1989 నవంబరు 20న ఆమోదం పొందిన బాలల హక్కుల ఒడంబడిక 24వ అధికరణంలో, వైద్యసేవలు పొందే హక్కుకు ఏ బిడ్డా దూరం కాకుండా రాజ్యాలు పాటుపడాలని విధించింది. భారతదేశం 1992 డిసెంబరు 11న ఇందులో చేరింది. అయితే ఇటువంటి సామాజిక హక్కులను వనరుల మేరకు క్రమక్రమంగా మాత్రమే అమలు చేయగలమని ప్రకటించింది.

'క్రమక్రమంగా' అన్న మాట బరువు ఎంతటిదో కోనసీమలోని దిండి వంటి ఊరిని చూస్తే తెలుస్తుంది. రాజోలు ప్రాంతానికి ఒక వైపు వశిష్ఠ, మరొక వైపు వైనతేయ, దక్షిణాన సముద్రం. దిండి వశిష్ఠ ఒడ్డున ఉన్నది. అవతలి ఒడ్డు చించినాడ. అది దాటితే పాలకొల్లు, నరసాపురం. వంతెన లేని రోజుల్లో పంటో, పడవో ఎక్కి ఏరు దాటవలసిందే. గోదావరి పోటెత్తినప్పుడు ఆ దారీ ఉండదు. అటువంటి వేళ జ్వరంతో ఉన్న బిడ్డకు, చట్టంలోని హక్కుకు నడుమ నిలిచేది ఒక నది. 1996 నవంబరు 6న కోనసీమపై విరుచుకుపడిన తుపానులో వేయిమందికి పైగా మరణించారు. నీటి నడుమనున్న నేలకు దారులు తెగితే ఏమవుతుందో దేశమంతా చూచింది.

ఆ ఏడాదే, మే 6న, సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. కలకత్తా పరిసరాలలో రైలు నుండి పడి తలకు గాయమైన కూలీని అనేక ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకొనలేదు. అత్యవసర వైద్యం నిరాకరించడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేననీ, నిధుల కొరత చూపి రాజ్యం తప్పించుకొనజాలదనీ న్యాయస్థానం నిర్ణయించింది. ఆ కూలీకి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. 'వనరుల మేరకు' అన్న వాదానికి ప్రాణాపాయం వద్ద హద్దు గీసిన తీర్పు ఇది.

తరువాత చించినాడ వంతెన వచ్చింది. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ మొదలయినవి. ఒడంబడిక చెప్పిన 'పొందే హక్కు' అంటే ఆచరణలో ఇదే: వంతెన, వాహనం, రేయింబవళ్ళు తెరిచి ఉండే ఆసుపత్రి, ఖర్చు భరించే ఖజానా. వీటిలో ఏ ఒక్కటి లోపించినా హక్కు కాగితం మీదనే మిగులుతుంది. ఆ లోపానికి జవాబు చెప్పవలసినది బిడ్డ తల్లి కాదు. ఏర్పాటు చేయవలసిన పాలకులే అందుకు బాధ్యులు. మదీనాలో ఖలీఫా ఇచ్చిన ఉత్తరువు సారాంశమూ ఇదే.