హ్యాట్రిక్ ఆటలో శిక్షణ

ఈ వ్యాసం హ్యాట్రిక్ అనే ఆన్‌లైన్ ఆటలోని శిక్షణా విధానం గురించి. ఫుట్‌బాల్‌లో ఒక ఆటగాడు ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ చేయడాన్ని కూడా హ్యాట్రిక్ అని పిలుస్తారు.

హ్యాట్రిక్ అనేది స్వీడన్ దేశంలో రూపొందిన ఫుట్‌బాల్ నిర్వహణ ఆట. ఇందులో ప్రతి సభ్యుడూ ఒక కాల్పనిక క్లబ్బుకు నిర్వాహకుడిగా వ్యవహరిస్తాడు. క్లబ్బులోని ఆటగాళ్ళ నైపుణ్యాలను వారం వారం పెంచే ప్రక్రియను శిక్షణ అంటారు. నైపుణ్యం కలిగిన ఆటగాళ్ళను సంపాదించడానికి కొనుగోలు ఒక మార్గం కాగా, శిక్షణ రెండవ మార్గం. ఈ ఆటలోని శిక్షణకు ముఖ్య లక్షణం ఒకటి ఉంది. మ్యాచ్‌లో తగిన స్థానంలో ఆడిన వారికే అది పూర్తిగా అందుతుంది. అందువలన ఎవరిని ఆడించాలి అనే ప్రశ్న, ఎవరిని ఎదగనివ్వాలి అనే ప్రశ్న ఒకటే అవుతాయి.

నేపథ్యం

హ్యాట్రిక్ 1997 ఆగస్టు 30న ప్రారంభమైంది. దీని సృష్టికర్త బ్యోర్న్ హోల్మేర్. తొలుత స్వీడన్‌కే పరిమితమైన ఈ ఆట తరువాత అనేక దేశాలకు విస్తరించింది. భారతదేశం పేరిట కూడా ఒక లీగ్, ఒక జాతీయ జట్టు ఉన్నాయి. ఆటను బ్రౌజరులో ఉచితంగా ఆడవచ్చు. రుసుము చెల్లించే సభ్యులకు కొన్ని అదనపు సౌకర్యాలు లభించినా, శిక్షణలో మాత్రం ఎటువంటి ఆధిక్యమూ లభించదు.

ఒక సీజను 16 వారాలు ఉంటుంది. 8 జట్లు గల ఒక్కొక్క శ్రేణిలో ప్రతి జట్టు 14 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. ఆటగాడి వయసు కూడా ఈ లెక్కనే నడుస్తుంది. 112 రోజులు గడిస్తే అతనికి ఒక సంవత్సరం పెరుగుతుంది. అనగా నిజ జీవితంలోని ఒక సంవత్సరంలో ఆటగాడు మూడేళ్ళకు పైగా పెద్దవాడవుతాడు.

నైపుణ్యాలు, స్థాయిలు

ప్రతి ఆటగాడికి ఏడు ప్రధాన నైపుణ్యాలు ఉంటాయి. అవి గోల్ కీపింగ్, డిఫెండింగ్, ప్లేమేకింగ్, వింగర్, పాసింగ్, స్కోరింగ్, సెట్ పీసెస్. ఇవి కాక దమ్ము, ఫామ్, అనుభవం, నాయకత్వం వంటి ఇతర లక్షణాలూ ఉన్నాయి.

నైపుణ్య స్థాయిలను అంకెలతో పాటు మాటలలో తెలపడం ఈ ఆట ప్రత్యేకత. ఉదాహరణకు 6వ స్థాయిని 'పాసబుల్' అని, 7వ స్థాయిని 'సాలిడ్' అని, 8వ స్థాయిని 'ఎక్సలెంట్' అని, 20వ స్థాయిని 'డివైన్' అని అంటారు. ఒక స్థాయికి, తరువాతి స్థాయికి మధ్య సాధించిన ప్రగతి తెరపై కనిపించదు. ఆటగాడు కొత్త స్థాయికి చేరిన రోజున మాత్రమే ఆ విషయం వెల్లడవుతుంది. దీనిని సభ్యులు 'పాప్' అని పిలుచుకుంటారు. మధ్యనున్న ప్రగతిని అంచనా వేయడానికి హ్యాట్రిక్ ఆర్గనైజర్ వంటి ప్రోగ్రాములను సభ్యులే తయారు చేసుకున్నారు.

నిమిషాల లెక్క

నిర్వాహకుడు ఒక వారానికి ఒకే శిక్షణ రకాన్ని ఎంచుకోవాలి. సాధారణంగా జట్టు వారానికి రెండు మ్యాచ్‌లు ఆడుతుంది. వారాంతంలో లీగ్ మ్యాచ్, వారం మధ్యలో కప్ మ్యాచ్ గానీ స్నేహపూర్వక మ్యాచ్ గానీ జరుగుతాయి. ఈ రెండు మ్యాచ్‌లలోనూ ఆడిన నిమిషాలు శిక్షణకు లెక్కలోకి వస్తాయి. అయితే ఒక ఆటగాడికి వారానికి 90 నిమిషాలకు మించి లెక్కించరు. అంతకన్నా ఎక్కువ ఆడితే, ఎక్కువ ఫలితమిచ్చే నిమిషాలనే పరిగణిస్తారు. తక్కువ ఆడితే ఆ నిష్పత్తిలోనే శిక్షణ అందుతుంది.

ఉదాహరణకు ప్లేమేకింగ్ శిక్షణ నడుస్తున్నదనుకుందాం. ఇందులో మధ్యభాగపు ఆటగాళ్ళకు పూర్తి శిక్షణ, వింగర్లకు సగం శిక్షణ లభిస్తాయి. ఒక యువకుడు లీగ్ మ్యాచ్‌లో వింగర్‌గా 90 నిమిషాలు, స్నేహపూర్వక మ్యాచ్‌లో మధ్యభాగంలో 60 నిమిషాలు ఆడితే, ముందుగా ఆ 60 నిమిషాలను పూర్తి విలువతో లెక్కిస్తారు. మిగిలిన 30 నిమిషాలు సగం విలువతో చేరుతాయి. మొత్తం 75 నిమిషాల శిక్షణ పొందినట్లు అవుతుంది. సంబంధం లేని స్థానంలో ఆడిన వారికి అతి స్వల్పమైన శిక్షణ మాత్రమే అందుతుంది. అసలు ఆడని వారికి ఏమీ అందదు.

ముఖ్యమైన శిక్షణ రకాలు

* గోల్ కీపింగ్: గోల్ కీపరుకు మాత్రమే. రెండు మ్యాచ్‌లలో కలిపి వారానికి ఇద్దరికే వీలవుతుంది.
* డిఫెండింగ్: రక్షణ శ్రేణిలోని వారందరికీ పూర్తిగా అందుతుంది. ఒక మ్యాచ్‌లో గరిష్ఠంగా 5గురు, వారానికి 10 మంది.
* ప్లేమేకింగ్: మధ్యభాగంలో ముగ్గురు చొప్పున వారానికి 6గురికి పూర్తిగా, వింగర్లు నలుగురికి సగం.
* వింగర్: వింగర్లు నలుగురికి పూర్తిగా, పక్కల ఆడే డిఫెండర్లకు సగం.
* స్కోరింగ్: ముందు వరుసలోని ఫార్వర్డ్‌లకు. మ్యాచ్‌కు ముగ్గురు చొప్పున వారానికి 6గురు.
* పాసింగ్: మధ్యభాగపు ఆటగాళ్ళు, వింగర్లు, ఫార్వర్డ్‌లు. 2-5-3 వ్యూహంతో ఆడితే వారానికి 16 మంది వరకు.
* సెట్ పీసెస్: ఆడిన వారందరికీ. గోల్ కీపరుకు, ఫ్రీ కిక్‌లు తీసుకొనే వ్యక్తికి 25 శాతం అదనంగా లభిస్తుంది.

అన్ని రకాలూ ఒకే వేగంతో సాగవు. సెట్ పీసెస్ అన్నిటికంటే త్వరగా పెరుగుతుంది. గోల్ కీపింగ్, వింగర్ నైపుణ్యాలు కూడా వేగంగానే పెరుగుతాయి గాని కొద్దిమందికే అందుతాయి. డిఫెండింగ్ నెమ్మదిగా పెరిగినా, ఒకేసారి ఎక్కువ మందికి అందుతుంది.

శిక్షణ వేగాన్ని నిర్ణయించే అంశాలు

వయసు: అన్నిటిలోనూ ముఖ్యమైనది ఇదే. క్లబ్బులోకి వచ్చే అతి పిన్న వయస్కుడికి 17 ఏళ్ళు ఉంటాయి. ఆ వయసులో శిక్షణ అత్యంత వేగంగా పనిచేస్తుంది. ఏడాది గడిచిన కొద్దీ వేగం తగ్గుతుంది.

ప్రస్తుత స్థాయి: స్థాయి పెరిగిన కొద్దీ తరువాతి మెట్టు ఎక్కడానికి ఎక్కువ వారాలు పడుతుంది.

కోచ్, సహాయకులు: కోచ్ నైపుణ్యం ఎక్కువైతే శిక్షణ వేగం పెరుగుతుంది. క్లబ్బులోని ఆటగాడినే కోచ్‌గా మార్చుకోవచ్చు. సహాయక కోచ్‌లు కూడా వేగాన్ని పెంచుతారు. కాని వారి వలన గాయాల ప్రమాదం కొంత పెరుగుతుంది. వారి జీతాల భారమూ క్లబ్బుపైనే పడుతుంది.

తీవ్రత, దమ్ము వాటా: శిక్షణ తీవ్రతను శాతంలో నిర్ణయిస్తారు. అందులో కొంత భాగాన్ని దమ్ము కొరకు కేటాయించడం తప్పనిసరి. ఈ వాటా పెంచితే ఆటగాళ్ళు మ్యాచ్ చివరి వరకు అలసిపోకుండా ఆడగలుగుతారు. అయితే ఆ మేరకు ఎంచుకున్న నైపుణ్యానికి దక్కే శిక్షణ తగ్గుతుంది.

గెలుపు, ఎదుగుదల

పై నియమాల వలన ప్రతి వారం ఒక చిక్కు ఎదురవుతుంది. హ్యాట్రిక్‌లో మధ్యభాగం బలంగా ఉన్న జట్టుకు బంతిపై ఆధిపత్యం, తద్వారా గోల్ అవకాశాలు ఎక్కువగా వస్తాయి. 6గురు యువకులకు స్కోరింగ్ నేర్పాలంటే రెండు మ్యాచ్‌లలోనూ ముగ్గురు ఫార్వర్డ్‌లను దింపాలి. అప్పుడు ఇతర శ్రేణులలో మనుషులు తగ్గుతారు. పైగా అలవాటు లేని వ్యూహంతో ఆడితే జట్టు మైదానంలో గందరగోళపడే ప్రమాదం ఉంది. లీగ్‌లో కింది శ్రేణికి పడిపోయే స్థితిలో ఉన్న జట్టుకు ఇది చిన్న విషయం కాదు.

అనుభవం గల నిర్వాహకులు సాధారణంగా లీగ్ మ్యాచ్‌లో మెరుగైన జట్టును, స్నేహపూర్వక మ్యాచ్‌లో నేర్చుకొనే వారిని ఆడిస్తారు. స్నేహపూర్వక మ్యాచ్‌లో ఓడినా పట్టికలో నష్టం ఉండదు. అయితే ప్రత్యర్థిని వెతికి ఆ మ్యాచ్‌ను ముందుగా ఏర్పాటు చేసుకోవాలి. మరచిపోతే ఆ వారం సగం స్థానాలు వృథా అవుతాయి. కప్ పోటీలో జట్టు ముందుకు సాగినంత కాలం వారం మధ్యలో స్నేహపూర్వక మ్యాచ్‌కు చోటుండదు. బలహీనులను ఆడిస్తే కప్ పోతుంది, బలవంతులను ఆడిస్తే శిక్షణ పోతుంది. కప్‌లో విజయం కూడా శిక్షణకు అడ్డంకి కావడం ఈ ఆటలోని ఒక విచిత్రం.

బదిలీలతో సంబంధం

ఒకే నైపుణ్యాన్ని దీర్ఘకాలం నేర్పే క్లబ్బులో ఆ రకం ఆటగాళ్ళు ఎక్కువై, మిగిలిన రకాలకు కొరత ఏర్పడుతుంది. అందుచేత ఎదిగిన వారిని వేలంలో అమ్మి, కావలసిన వారిని కొనడం ఆనవాయితీ. తరచుగా శిక్షణ రకాన్ని మార్చే క్లబ్బులు ఏ నైపుణ్యంలోనూ పైస్థాయిని అందుకోలేవు. అమ్మకం సమయం కూడా ముఖ్యమే. ఒక ఏడు పెరిగిన ఆటగాడు కొన్న వారి వద్ద తక్కువ వేగంతో నేర్చుకుంటాడు కాబట్టి, పుట్టినరోజు దాటితే ధర తగ్గుతుంది.

ధర ఒక్కటే ప్రమాణం కాదు. తాను పెరిగిన మాతృ క్లబ్బులోనే కొనసాగే ఆటగాడికి మ్యాచ్‌లో అర స్థాయి అదనపు బలం లభిస్తుంది. బాగా ఎదిగిన వాడు జాతీయ జట్టుకు ఎంపిక కావచ్చు. జాతీయ కోచ్‌లను సభ్యులే ఓట్లు వేసి ఎన్నుకుంటారు.

క్షీణత

సుమారు 30 ఏళ్ళ ప్రాంతంలో ఆటగాళ్ళ నైపుణ్యాలు తగ్గడం మొదలవుతుంది. వయసు పెరిగిన కొద్దీ ఈ తరుగుదల ఎక్కువవుతుంది. 17 నుండి 30 ఏళ్ళ వరకు అంటే 13 సీజనులు, అనగా 208 వారాలు. నిజ కాలంలో ఇది దాదాపు నాలుగేళ్ళు. అందులోనూ వేగంగా నేర్చుకొనే కాలం మొదటి కొన్ని సీజనులే. గాయం వలన గానీ, జట్టు కూర్పులో పొరపాటు వలన గానీ పోయిన వారాన్ని తిరిగి పొందే మార్గం ఆటలో లేదు. డబ్బు పోతే మరల సంపాదించవచ్చు. ఆటగాడి వయసును మాత్రం ఏ క్లబ్బూ వెనుకకు తిప్పలేదు.