మావ డ్యూటీ దిగిన రోజు

శ్రీకాకుళంలో ఎక్కిన బస్సు గార దాటి మిమ్మల్ని కళింగపట్నంలో దించేసరికి సాయంత్రం నాలుగవుతుంది. గాలిలో ఉప్పు, ఎండుచేపల వాసన. సముద్రం వైపు నడిస్తే లైట్‌హౌస్ కనబడుతుంది, ఇంకాస్త పోతే వంశధార సముద్రంలో కలిసే చోటు. ఓడరేవు మూతబడి ఆరు దశాబ్దాలు దాటినా, బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే ప్రమాద హెచ్చరిక నంబరుతో పాటు ఈ ఊరి పేరు రాష్ట్రమంతా వినబడుతుంది. ఇవాళ ఏ హెచ్చరికా లేదు. ఇవాళ నెలాఖరు.

మెరైన్ పోలీస్ స్టేషన్ ఆవరణలో షామియానా వేశారు. మీరు వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ముందు బల్ల మీద రెండు బంతిపూల దండలు, మడత విప్పని శాలువాలు, రంగుకాగితం చుట్టిన గోడగడియారాలు. దిగిపోతున్నది ఇద్దరు: ఒకరు హెడ్ కానిస్టేబుల్, ఇంకొకరు హోంగార్డు. పుట్టినరోజు ఏ తేదీన వచ్చినా సర్కారు ఉద్యోగి నెల చివరి రోజునే దిగుతాడు కాబట్టి, ఇలాంటి సభ ఈ సాయంత్రం రాష్ట్రంలో ఇంకెన్నో స్టేషన్లలో జరుగుతూ ఉంటుంది.

మీ పక్కన కూర్చున్న పెద్దాయన మాజీ హవల్దారు. అడక్కుండానే తన కథ మొదలుపెడతాడు. "నాను మిలట్రీ నుంచి దిగొచ్చిన్నాడు ఆమదాలవలస స్టేషన్ కాడికి ఊరంతా వచ్చీసినారు బాబూ. తప్పెటగుళ్లు, బైకులు, జెండాలు. ఇంటికాడ దిగీసరికి మెడ వంగిపోనాది దండలకి." యూనిట్ వాళ్లు ఇచ్చిన రెజిమెంటు గుర్తు పలక ఇప్పటికీ దేవుడి పటాల పక్కనే ఉందట. ఈ జిల్లాలో జవాను ఇంటికొచ్చిన రోజు ఊరు చేసే ఊరేగింపు కన్నా పెద్ద గౌరవం మరొకటి లేదని మీకు అర్థమవుతుంది.

మైకు గరగరలాడుతుంది. ముందు హెడ్ కానిస్టేబుల్‌ని పిలుస్తారు. ఆయన గుండె మీద రంగురంగుల రిబ్బన్ల పట్టీ ఉంది, అందులో ఒకటి ఉగాదికి ప్రభుత్వం ఇచ్చే సేవా పతకానిది. దండ, శాలువా, బ్యాచ్‌మేట్లు తలా కొంత వేసుకుని చేయించిన బంగారు ఉంగరం. బంధువులు బుడితి ఇత్తడి చెంబూ, భార్యాభర్తలిద్దరికీ పొందూరు ఖద్దరు బట్టలూ తెచ్చారు. సంతోషంగా చూస్తారు మీరు. ఈయనకు పింఛను వస్తుంది, గ్రాట్యుటీ వస్తుంది, వాడుకోని సెలవులకు 300 రోజుల దాకా డబ్బు వస్తుంది. రాత్రీ పగలూ తేడా లేని కొలువుకి ఆ మాత్రం న్యాయమే.

తరువాత హోంగార్డు. అతన్ని అందరూ మావ అంటారు. ఊరు బందరువానిపేట. ఇస్త్రీ నలగని ఖాకీలో వచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక ఎస్సై కుర్చీ వెనక్కి వెళ్తాడు. ఎస్సై లేచి, భుజం పట్టుకుని, ఆ కుర్చీలోనే కూర్చోబెడతాడు.

"2021 సెప్టెంబరు 26, గులాబ్ తుపాను రాత్రి," అంటాడు ఎస్సై మైకు ముందు, "ఒడ్డునున్న ఇళ్ల తలుపులు కొట్టి ముసలాళ్లని బడి కాడికి చేర్చింది ఈ మావే. మాకు బోటు నడపడం వచ్చు. ఏ గాలికి ఏ కెరటం లేస్తాదో ఈయన్ని అడిగే తెలుసుకున్నాం." చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న మావ భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది.

హోంగార్డుది ఉద్యోగం కాదు, చట్టం ప్రకారం స్వచ్ఛంద సేవ. అందుకే జీతం అనరు, డ్యూటీ భత్యం అంటారు. అది రోజుకి 600 నుంచి 710 రూపాయలకు పెరిగింది 2019లో. కానిస్టేబుల్ పక్కనే, అదే జాతరలో, అదే వానలో నిలబడినా, దిగిపోయాక నెలనెలా వచ్చే పింఛను అతనికి లేదు. ఇది నాకు మింగుడుపడని విషయం, దాచుకోను.

అప్పుడు ఇంకో హోంగార్డు ఒక కవరుతో ముందుకొస్తాడు. కవరులో చెక్కు. జిల్లాలోని హోంగార్డులు ఒక్కొక్కరూ ఒక రోజు డ్యూటీ భత్యాన్ని మావ కోసం వదులుకున్నారు. వందల మంది వదిలిన ఒక్కో రోజూ కలిసి లక్షల్లోకి చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో చాలా జిల్లాల్లో హోంగార్డులు పాటిస్తున్న ఆనవాయితీ ఇది. దిగిపోయిన వాళ్లకే కాదు, డ్యూటీలో ఉండగా చనిపోయిన వాళ్ల ఇంటికీ ఇలాగే ఇస్తారు. ఏ జీవో చెప్పిందనో కాదు. టెక్కలిలో ట్రాఫిక్ ఆపే కుర్రాడు, పలాసలో రాత్రి బీటు తిరిగేవాడు మావ ముఖం చూసి కూడా ఉండకపోవచ్చు. అయినా ఒక రోజు ఎండ అతని పేర రాసేశారు. శాలువాలు, గడియారాలు, పతకాలు అన్నీ గౌరవమే. కానీ ఇచ్చేవాడి ఇంట్లో ఆ నెల లోటుగా తెలిసే కానుక ఇదొక్కటే.

మావ కవరు తెరవడు. భార్య చేతిలో పెడతాడు. "ఇంటి మీద అప్పు తీరిపోద్దా?" అని ఆవిడ మెల్లగా అడగడం మీకు వినిపిస్తుంది. "సగం పైనే తీరిపోద్దిలే" అంటాడు.

బయట పోలీసు జీపుకి బంతిపూలు కట్టారు. దిగిపోయినవాళ్లని స్టేషన్ బండిలో ఇంటి దాకా దింపడం పోలీసుల్లో మర్యాద. హెడ్ కానిస్టేబుల్‌ని దింపి బండి వెనక్కొచ్చింది. ఇన్నేళ్లూ వెనక బెంచీ మీద వేలాడిన మావకి డ్రైవరు ముందు తలుపు తీసి సెల్యూట్ కొడతాడు. మావ ఎక్కబోయి ఆగుతాడు. చెక్కు తెచ్చిన హోంగార్డుని పిలుస్తాడు.

"వచ్చీ నెల దిగీదెవుడ్రా?"

"రణస్థలంలో ఒకాయన, మావా."

"నా పేరు కూడా రాయు."

"నీకింక డ్యూటీ నేదు కదా మావా. భత్యంలోంచి కోసీదే గానీ బయటి డబ్బు తీసుకోరు."

"అయితే నువ్వే రాయు," అంటూ జేబులోంచి మడతపెట్టిన నోట్లు తీసి కుర్రాడి చేతిలో పెడతాడు మావ. "నీ రోజుకి నాను డబ్బిస్తన్నాను. లెక్క సరిపోద్దా, నేదా?"