గుద్దుకునే పందెంలో బతికిన మెకానిక్ విద్య

అమెరికాలో డెమోలిషన్ డెర్బీ అంటే కార్లను నుజ్జు చేసే ఆట అని పేరుపడింది. పాత కార్లు మట్టి మైదానంలో ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఆఖరిదాకా కదిలిన బండి గెలుస్తుంది. ఈ ఆట రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్దికాలానికే కాలిఫోర్నియాలో పుట్టిందని కొందరంటారు. 1958లో న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని ఐస్లిప్ స్పీడ్‌వేలో లారీ మెండెల్సన్ నడిపిన పందెమే దీనికి ఆద్యమని ఎక్కువమంది నమ్మకం. రేసు కన్నా ప్రమాదాలనే జనం ఆశగా చూస్తున్నారని ఆయన గ్రహించాడని చెబుతారు. ఏబీసీ టీవీ దీన్ని దేశమంతా చూపించింది, పల్లెల్లో ఏటా జరిగే కౌంటీ ఫెయిర్లు సొంతం చేసుకున్నాయి. ఎవరు మొదలుపెట్టినా, గెలుపు నియమం మాత్రం కదలికనే కొలుస్తుంది. ఎంత గట్టిగా గుద్దినా ఇంజిన్ ఆగిపోతే ఓటమే. అందుకే ఈ ఆట చరిత్రను మెకానిక్ విద్య చరిత్రలో భాగంగా చదవాలని నా వాదన.

పందెం ముందు జరిగే పనే దీనికి సాక్ష్యం. అద్దాలన్నీ పీకేస్తారు. పెట్రోలు ట్యాంకు తీసేసి, చిన్న ట్యాంకును బండి లోపల బిగిస్తారు. బ్యాటరీని కూడా లోపలికి మారుస్తారు. ఇవన్నీ డ్రైవర్ ప్రాణం కోసమే, కానీ తీగలు పొడవై, ఎర్త్ వదులై, సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకోవడం ఇక్కడే మొదలవుతుంది. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండయితే ఇంకా చిక్కు. అప్పుడు అనుభవమున్నవాడు వరస తప్పడు: కరెంటు వస్తోందా, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ ఉందా, కార్బురేటర్‌లోకి పెట్రోలు దిగుతోందా. పాత క్రైస్లర్ కార్లలో ఇంజిన్ వెనక గోడకు పింగాణీ తొడుగున్న చిన్న రెసిస్టర్ ఉండేది. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ కరెంటు దాన్ని తప్పించుకుని కాయిల్‌కు చేరుతుంది, తాళం వదలగానే దానిగుండా వెళ్లాలి. అందులో తీగ తెగితే ఇంజిన్ అంటుకున్నట్టే అంటుకుని, చెయ్యి తియ్యగానే ఆరిపోతుంది. తెలియనివాడు కార్బురేటర్ విప్పి మధ్యాహ్నమంతా పోగొట్టుకుంటాడు. తెలిసినవాడు చేతికందే ఆ ముక్క మార్చి బండిని మైదానంలోకి తోలుకుపోతాడు.

అపురూపమైన కార్లను ఈ ఆట నాశనం చేసిందన్న ఆరోపణలో నిజముంది. 1960ల నడిమి క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్ కార్లు మరీ దృఢంగా ఉండి ఎదుటి బండ్లను పిండి చేస్తున్నాయని చాలా పందేల్లో వాటిని నిషేధించారు. ఆ నిషేధం కొన్నిటినైనా కాపాడి ఉంటుంది, పోయినవాటికి మాత్రం సమాధానం లేదు. అయితే మైదానంలోకి దిగినవాటిలో అధికభాగం తుక్కుకు పోవాల్సిన మామూలు కుటుంబాల కార్లే. వాటికి డెర్బీ ఇంకొక్కసారి ప్రాణం పోసింది. కార్లలోకి కంప్యూటర్లొచ్చాక ఈ విద్యకు పనేముందన్నది మరో అభ్యంతరం. 2011 దాకా తయారైన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా దానికి జవాబు చెబుతుంది. దాని డిక్కీలో ఒక స్విచ్ ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే, మంటలు లేవకుండా పెట్రోలు పంపును ఆపేస్తుంది. రోడ్డు మీద ప్రాణరక్షణ అయినది గుద్దుకునే పందెంలో మొదటి దెబ్బకే బండిని చంపేస్తుంది. అందుకని డెర్బీవాళ్లు దాన్ని ముందే తప్పించి, పంపును ఆపేందుకు చేతికందేచోట వేరే స్విచ్ పెట్టుకుంటారు. ఇగ్నిషన్‌లో పాయింట్లు, కండెన్సర్లు వాడిన పాతకాలంలో చేసిన ఆలోచనే ఇదీ.