చెరువుకు రాజు పేరుంది, నీరడి పేరేది? (మన వాడ చరిత్ర – 9)



2015లో పాత చెరువుల పూడిక తీసే పథకానికి 'మిషన్ కాకతీయ' అని పేరు పెట్టారు. రాజులు తవ్వించారు, సరే. తూము ఎత్తిందెవరు? ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత అని నీళ్లు పారించిందెవరు? సిద్దిపేట చుట్టుపక్కల ఏ ముసలాయన్ని అడిగినా 'నీరడి' అంటడు. ఆ నీరడి ఇల్లు చాలా ఊళ్లలో మన వాడలోనే ఉంటుంది.

"మనకు ఆధారాలు లేవు సార్" అని మా పరిశోధక విద్యార్థులు కూడా అంటుంటారు. నేనొప్పుకోను. సగం ఆధారాలు తహసీల్ ఆఫీసు బస్తాల్లో ఉన్నాయి, సగం మన ఇండ్లలో ఇనుప సందుగల్లో ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవలేదు, అంతే.

1955 హైదరాబాద్ ఇనాంల రద్దు చట్టం తెరవండి. మొదటి సెక్షన్‌లోనే సేత్‌సింధి, నీరడి, బలూత ఇనాములను రద్దు నుంచి పక్కకు పెట్టారు. ఊరి చాకిరీకి ఇచ్చిన భూములివి. అంటే మన తాతల పని పేర్లు చట్టంలోనే అచ్చయి ఉన్నాయి. ఇక మనుషుల పేర్లు కావాలంటే 1954-55 ఖాస్రా పహాణీ చూడాలి. అంతకు ముందటి కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి, ఏళ్లు ఫసలీలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడు ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది.

మేం చూసిన ఒక నకలులో నీరడి పేరు మూడక్షరాలు. ఇంటిపేరు లేదు, కులం మాత్రం ఉంది. అదే మనిషికి బొంబాయి నుంచి కొడుకు రాసిన ఉత్తరం వాళ్లింట్లో దొరికింది. 'మహారాజశ్రీ బాపు గారి పాదపద్మములకు' అని మొదలవుతుంది. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి, ఇలాంటి సంబోధనలు ఎన్నో చదివాను. పహాణీ పక్కన పెట్టి చదివినప్పుడు మాత్రం కాసేపు మాట రాలేదు. సర్కారు మూడక్షరాలతో సరిపెట్టిన మనిషి కొడుక్కి మహారాజు.

ఈ పని మనతో మొదలవలేదు. హైదరాబాద్ దళిత ఉద్యమంలో తిరిగిన పి.ఆర్. వెంకటస్వామి సభల తీర్మానాలు, మహజర్లు, ఉత్తరాలు దాచి పెట్టుకున్నారు. 1955లో 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అని రెండు సంపుటాలు వేశారు. ఆ కాగితాలు చిత్తుకింద పోయి ఉంటే భాగ్యరెడ్డి వర్మ తరం గురించి మనకు తెలిసింది ఎంత మిగిలేది?

తొందరెందుకంటే, మల్లన్న సాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు మునిగాయి. యాభై టీఎంసీల నీళ్ల కోసం చెరువులు, తూములు, వాడలు అన్నీ పోయాయి. ఊరు ఎట్లుండేదో చూపడానికి ఇప్పుడు ఫొటోలే దిక్కు. ఇంకొకటి, 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమ్ తీసేశారు. పట్టా దొరది, సాగు మనది అయిన చోట మన పేరు ఉన్నది ఆ కాలమ్‌లోనే. పాత పహాణీ నకలు లేకపోతే అక్కడ మనం ఎన్నడూ దున్ననట్టే లెక్క.

సెలవులకు ఊరికి పోయే విద్యార్థులు మీ ఇంటి సర్వే నంబరుకు ఖాస్రా పహాణీ నకలు అడగండి. ఇవ్వమంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఫొటోలో ఉన్న ఆడవాళ్ల పేర్లు ముందు అడగండి, 'ఫలానాయన భార్య' అని రాసుకొని రావద్దు. పేర్లు వెనకవైపు పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా ముందుకు ఊరుతుంది. అసలు కాగితం పట్నం తేవద్దు. అక్కడే ఫోన్లో ఫొటో తీసి, అవ్వ చేతికే తిరిగి ఇచ్చేయండి.